ముందు మ్యాటు ఎత్తి చూడండి



గ్రామాలలో ఇండ్లు దర్శించేటప్పుడు కొన్ని పెరళ్ళలో, పశువుల కొట్టం ప్రక్కన, రేకుల షెడ్డు క్రింద పాత అంబాసిడర్ కారు ఒకటి నిలిచి ఉండడం మేము చూస్తుంటాము. పైన చిరిగిన పట్టా, లోపల మిరపకాయల సంచులు. అమ్మడానికి మనసు రాదు, నడపడానికి ధైర్యం చాలదు. అటువంటి కారు గురించి ఒక సహోదరుడు ఈ మధ్య మాకు ఉత్తరం వ్రాశారు. అది ఆయన తండ్రిగారు బ్రతికినంతకాలం నడిపిన బండి. వచ్చే వేసవిలో కుమార్తె వివాహానికి వృద్ధురాలైన తల్లిని అందులోనే కూర్చోబెట్టి తీసుకువెళ్ళాలని ఆయన కోరిక. “సీట్లకు క్రొత్త రెక్సిన్, క్రింద క్రొత్త మ్యాట్లు వేయిస్తే సరిపోతుందా? ఇంటి దగ్గర ఎంతవరకు చేసుకోవచ్చు?” అని అడిగారు. ఇదే ప్రశ్న మరికొందరికీ ఉండవచ్చు గనుక ఈ నెల దీనిని గురించే వ్రాస్తున్నాము.

మా ఇంటి ప్రక్క షెడ్డులో ఒక మార్క్ 3 అంబాసిడర్ లోపలి పని మేమూ మా పిల్లలూ కలిసి, అనుభవం గల ఒక సీటు పనివారి సహాయంతో చేసుకున్నాము. ఆ అనుభవంతో చెప్పే మొదటి మాట ఇది: క్రొత్త రెక్సిన్ చివరి పని. మొదటి పని పాత మ్యాటు ఎత్తి నేల చూడడం.

ఎందుకంటే ఈ కారు నిర్మాణమే అటువంటిది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1957 నుండి దీనిని తయారు చేశారు. 2014లో తయారీ ఆగిపోయింది. లారీకైతే క్రింద వేరే ఇనుప చాసీ ఉంటుంది. బాడీ పాడైనా బరువు మోసేది చాసీ. అంబాసిడర్‌కు అలా వేరే చాసీ లేదు. నేల రేకు, తలుపుల క్రింద పొడవునా ఉండే గడపలు, ప్రక్క స్తంభాలు, పైకప్పు, అన్నీ కలిపి వెల్డింగు చేసిన ఒకే కట్టడం. సీట్ల బోల్టులు కూడా ఆ నేలకే బిగుసుకొని ఉంటాయి. కాబట్టి నేల తుప్పు పట్టిందంటే కాలి క్రింద ఒక రంధ్రం పడిందని మాత్రమే కాదు, కూర్చున్నవారిని కాపాడవలసిన కట్టడమే బలహీనమైందని అర్థం. దాని మీద అందమైన మ్యాటు వేస్తే తుప్పు ఆగదు. మ్యాటు పట్టి ఉంచిన తడికి ఇంకా త్వరగా తింటుంది. పైగా ఇక ఎవరికీ కనిపించదు.

ఇక పని క్రమం చెప్తాము.

మొదట బ్యాటరీ విప్పండి. బాడీకి కలిసిన తీగను ముందు, రెండవ తీగను తరువాత తీయాలి. ఏ భాగం విప్పినా విప్పకముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. స్క్రూలను, క్లిప్పులను చిన్న సంచులలో వేసి “ఎడమ ముందు తలుపు”, “వెనుక సీటు” అని చీటీ వ్రాసి కట్టండి. ఈ పని పిల్లలకు అప్పగించవచ్చు. మా ఇంట్లో పిల్లలే చేశారు. నెలల తరువాత తిరిగి బిగించేటప్పుడు ఆ చీటీల విలువ తెలుస్తుంది.

సీట్లు, మ్యాట్లు, తలుపుల ప్యాడ్లు బయటికి వచ్చాక నేల శుభ్రంగా ఊడ్చండి. పల్లెలో నిలిచిన కారైతే సీటు లోపల ఎలుకల గూడు ఉండే అవకాశం ఎక్కువ. ముక్కుకు గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగులు వేసుకొని తీయండి. డాష్ బోర్డు క్రింద, కార్పెట్టు క్రింద ఉన్న తీగలను టార్చిలైటుతో చూడండి. ఎలుకలు కొరికినవి, తొడుగు పెళుసై రాలుతున్నవి ఉంటే ఎలక్ట్రీషియన్ చేత మార్పించండి. పాత టేపు మీద క్రొత్త టేపు చుట్టి సరిపెట్టవద్దు. కార్లలో నిప్పు పుట్టే దారులలో అది ఒకటి.

తరువాత స్క్రూ డ్రైవరు మొనతో నేలను, గడపలను, సీటు బోల్టుల చుట్టును అంగుళం అంగుళం గట్టిగా నొక్కి చూడండి. చిన్న సుత్తితో తట్టినా తెలుస్తుంది: మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు బొదబొదలాడుతుంది. పైపై తుప్పు అయితే వైరు బ్రష్షుతో, ఉప్పు కాగితంతో మెరిసేవరకు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరిన తరువాత పెయింటు వేయవచ్చు. ఇది ఇంటి పనే. కాని స్క్రూ డ్రైవరు రేకులోకి దిగిందంటే అది ఇంటి పని కాదు. తిన్న భాగాన్ని మంచి రేకు వచ్చేవరకు కోసి, క్రొత్త రేకు వెల్డింగు చేయించాలి. సీట్లు, ఫోము, లైనింగు లోపల లేని ఈ సమయమే వెల్డింగుకు తగిన సమయం, ఎందుకంటే అవన్నీ ఇట్టే అంటుకునే వస్తువులు. క్రొత్త రెక్సిన్ వేసిన తరువాత తుప్పు బయటపడితే రెండు ఖర్చులూ రెండుసార్లు అవుతాయి.

నేల బాగు చేసినంత మాత్రాన చాలదు, నీరు ఎక్కడినుండి వచ్చిందో కనిపెట్టాలి. ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చోండి. మరొకరు పైపుతో మెల్లగా నీరు పోయండి, క్రిందినుండి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండి పగిలితే నీరు డాష్ బోర్డు వెనుకగా కాళ్ళ దగ్గరకు దిగుతుంది. తలుపుల సంగతి వేరు. అద్దం ప్రక్కనుండి తలుపు లోపలికి కొంత వాన నీరు దిగడం సహజమే. అది పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడుకుపోతే నీరు నిలిచి తలుపు అడుగు తుప్పు పడుతుంది, లోపలి ప్యాడు అట్ట ఉబ్బిపోతుంది. ఒక సన్నని పుల్లతో ఆ రంధ్రాలు తెరవండి. ప్యాడు తిరిగి బిగించేముందు దాని వెనుక పలుచని ప్లాస్టిక్ కాగితం అంటించండి.

తిరిగి కట్టేటప్పుడు పైనుండి క్రిందికి రావాలి. మొదట పైకప్పు లైనింగు, తరువాత నేల, తరువాత తలుపుల ప్యాడ్లు, చివరగా సీట్లు. పైకప్పు లైనింగును సీటు పనివారికే వదలడం మంచిది. ముడత లేకుండా లాగడానికి అలవాటైన చెయ్యి కావాలి.

సీట్ల విషయంలో మీరు చేయగలది చాలా ఉన్నది. పాత కవరును చింపి పారవేయవద్దు. కుట్లు ఒక్కొక్కటిగా విప్పి, ముక్కల మీద అంకెలు వ్రాసి దాచండి; క్రొత్త రెక్సిన్ కత్తిరించడానికి అవే కొలతలు. అయితే ఏండ్ల తరబడి కూర్చున్నందువల్ల నడిమి ముక్కలు సాగి ఉంటాయి, కాబట్టి కొలతను సీటు మీద ఆనించి సరిచూడాలి. కుట్టుకు చుట్టూ అర అంగుళమైనా వదలాలి. కవరు క్రింద స్ప్రింగులు, వాటిపైన గోనెపట్ట, పీచు లేక ఫోము ఉంటాయి. విరిగిన స్ప్రింగును మార్పించండి; తుప్పు మాత్రమే ఉంటే గీకి రంగు వేయండి. గోనెపట్ట చిరిగితే తప్పక మార్చండి, లేకపోతే స్ప్రింగులు క్రొత్త ఫోమును కోసివేస్తాయి. బిగించేముందు కవరును కొంతసేపు ఎండలో పరిస్తే మెత్తబడి బాగా సాగుతుంది. రబ్బరు సొల్యూషన్ వాడేటప్పుడు తలుపులన్నీ తెరచి ఉంచండి. దగ్గరలో దీపంగాని పొయ్యిగాని ఉండకూడదు.

రెక్సిన్ అనేది మొదట ఇంగ్లండులోని ఒక కంపెనీ వారి సరుకు పేరు. ఇప్పుడు గుడ్డ మీద ప్లాస్టిక్ పూత వేసిన ప్రతి సరుకునూ మనము అలాగే పిలుస్తున్నాము. రకాలు అనేకం గనుక కొనేముందు ముక్కను మడిచి చూడండి. మడత దగ్గర తెల్లగా పగులు కనిపిస్తే వద్దు. పాత రంగుకు దగ్గరైన రంగే ఎన్నుకోండి.

ప్రతిదీ క్రొత్తది చేయాలనే ఆశ వద్దు. స్టీరింగు చక్రం మీద తండ్రిగారి చేతులు పడి పడి నునుపైన చోటు ఉంటుంది. స్టీరింగు ప్రక్కన గేరు కడ్డీ పిడి అరిగి ఉంటుంది. అవి పాడైన భాగాలు కావు. తుడిచి అలాగే ఉంచండి. బలానికి సంబంధించినదైతే కనికరం లేకుండా మార్చండి, చూపుకు సంబంధించినదైతే తొందరపడి మార్చవద్దు. ఈ రెండూ తారుమారైతేనే పాత బండ్లు పాడైపోతున్నాయి. ఆ కాలపు కార్లలో సీటు బెల్టులు లేవు. క్రొత్తగా పెట్టించేటప్పుడు వట్టి రేకుకు కాక, బలమైన చోట వెనుక దళసరి ఇనుప పలక వేసి, తెలిసిన మెకానిక్ చేత బిగించండి.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్ల వరకు. ఆ తరువాత ఫిట్‌నెస్ చూపి 5 ఏండ్లకొకసారి పొడిగించుకోవాలి. 50 ఏండ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషను అని 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. కాని ఆ నమోదుతో రోజువారీగా రోడ్డు మీద తిరగడానికి వీలులేదు. నడుపుకోవాలనుకునేవారు మామూలు రిజిస్ట్రేషనునే పొడిగించుకోవాలి.

సెలవు దినాలలో మాత్రమే చేసుకున్నందువల్ల మాకు లోపలి పనికి నాలుగు నెలలు పట్టింది. ఇంజిను, బ్రేకుల పని దీనికి వేరు. గనుక ఉత్తరం వ్రాసిన సహోదరునికి మా సలహా: ఈ వారమే మ్యాటు ఎత్తి చూడండి. నేల గట్టిగా ఉంటే వేసవికి తప్పక సిద్ధమవుతుంది. నేల తిని ఉంటే పనిని పెండ్లి తేదీతో ముడిపెట్టవద్దు. అమ్మగారు ఆ రోజు వేరే కారులో వచ్చినా నష్టం లేదు. తండ్రిగారి కారు మరునాడు కూడా షెడ్డులోనే ఉంటుంది. తిన్న నేల మీద క్రొత్త మ్యాటు పరచి ఆమెను కూర్చోబెట్టడం మాత్రం మర్యాద కాదు.

పని పూర్తయిన బండిని కూడా మూసిపెట్టి మరచిపోవద్దు. వాన వెలిసిన తరువాత తలుపులు తెరచి గాలి ఆడనివ్వండి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వెనుక ఒకసారి, మ్యాట్లు ఎత్తి చేత్తో తడిమి చూడండి.