బడాయి ఎవరిది? అరిగేది ఎవరి ఆవాజ్?

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా మన ఇళ్ల సందూకుల్లో బుజుర్గుల రికార్డులు ఇంకా ఉన్నాయి. ఖవ్వాలీలు, నాతులు, పాత ఫిల్మీ పాటలు. ఇప్పుడు పిల్లలకు శౌక్ పుట్టి టర్న్‌టేబుళ్లు కొంటున్నారు. ఖుషీయే. కానీ కార్ట్రిడ్జ్ దగ్గర రెండు రకాల జుల్మ్ నడుస్తోంది.

ఒకటి, సూట్‌కేస్ ప్లేయర్ల సస్తా సిరామిక్. దానికి ఫోనో ప్రీయాంప్ అక్కర్లేదు, నిజమే. కానీ ఆ మొండి సూది మీద 5, 6 గ్రాముల బరువుంటుంది. ఎల్పీ సన్న గాడిని గీకుతుంది. అరిగిన గాడి మళ్లీ రాదు.

రెండోది, శౌకీన్ల ఫత్వా: 'మూవింగ్ కాయిల్ కాకుంటే అది కార్ట్రిడ్జే కాదు!' దాని బారీకీ నేను కాదనను. అందులో కదిలే బరువు తక్కువ, సన్నని ఆవాజ్ కూడా పట్టుకుంటుంది. మరి దాని సిగ్నల్ అర మిల్లీవోల్టే, వేరే ప్రీయాంప్ కావాలి. సూది అరిగితే చాలావాటిలో కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి. వెండి తీగతో పూలు అల్లే కరీంనగర్‌లో కూడా ఆ కాయిల్ చుట్టే కారీగర్ నాకు దొరకలేదు.

పైగా మన సందూకుల్లో ఎల్పీలే లేవు భాయీ, 78లు కూడా ఉన్నాయి. ఆదిలాబాద్ అడవుల్లో పూసే మోదుగలాంటి చెట్ల మీద పురుగు కట్టే లక్కతో చేసినవి అవి. వాటి వెడల్పు గాడికి సుమారు 75 మైక్రాన్ల మొన కావాలి. ఎల్పీ సూది మొన 15, 18 మైక్రాన్లే. అది 78 గాడి అడుక్కి దిగి దుమ్మును వినిపిస్తుంది, పాటను కాదు.

అందుకే నా వకాల్తా మూవింగ్ మాగ్నెట్‌కి. సూది చేత్తో లాగి మార్చుకోవచ్చు. ఉదాహరణకు ఆడియో టెక్నికా వీఎం95: బాడీ ఒక్కటే, ఎల్పీకి 2 గ్రాముల సూది, 78కి 5 గ్రాముల సూది. ఈ 5 గ్రాములు జుల్మ్ కాదు, వెడల్పు మొన మీద బరువు పరుచుకుంటుంది.

హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి వాళ్ల గొంతులు మన దగ్గర అమానత్. అమానత్‌ను సస్తాగా అరగదీయడమూ ఖయానతే, బడాయి కోసం అందకుండా చేయడమూ ఖయానతే. దుకాణ్‌కు పోతే ధర తర్వాత అడగండి. ముందు రెండే సవాళ్లు: సూది ఊడివస్తుందా? 78 సూది దొరుకుతుందా?