కంతు కట్టడమే సాధికారతా?

తిరుపతిలోనో చిత్తూరులోనో మహిళా సంఘాల సభ జరిగితే వేదిక మీద ఒకటే మాట. మన ఆడవాళ్లు అప్పు ఎగ్గొట్టరు, కంతు తప్పరు, సాధికారత అంటే అదేనట. బ్యాంకుకు పనికొచ్చే లెక్కతో ఆడమనిషి బతుకును కొలవడం అన్యాయం.

ఆ కంతు ఎక్కడినుంచి వస్తోందో వేదికెక్కినవాళ్లు అడగరు. చిన్న లోన్లిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల గ్రూపులో ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు వేసుకోవాలి. అందుకే వాళ్లే వచ్చి ఆమె గడపలో కూర్చుంటారు. ఆమె కమ్మలు కుదువ పెడుతుంది, లేదంటే ఇంకో కంపెనీలో లోను తెచ్చి పాతది కడుతుంది. రిజిస్టరులో మాత్రం బాకీ ఉండదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్ మార్కెట్‌కెక్కింది. షేర్ల అమ్మకంలో రూ.1,600 కోట్లకు పైగా వచ్చాయి. రెండు నెలలకే, అప్పుల ఆత్మహత్యల వార్తల నడుమ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు ఇంటి దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసులో. వారానికి కాదు, నెలకోసారి. అంతటితో వసూళ్లు కుప్పకూలాయి. గడప మీది ఒత్తిడి పోగానే కూలిపోయినదాన్ని అంతకాలం క్రమశిక్షణ అని పొగిడారు! రిజర్వ్ బ్యాంకులో నమోదైన కంపెనీలకు ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తేల్చింది. కంపెనీలకు దారి మళ్లీ తెరుచుకుంది.

హైదరాబాద్ బస్తీల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనంలోనూ చిన్న లోన్ల వల్ల ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ పెరిగిన దాఖలా కనిపించలేదు.

2025 జూన్‌లో చిత్తూరు జిల్లా కుప్పం మండలంలో ఒకామెను చెట్టుకు కట్టేశారు. రూ.80 వేల అప్పు చేసింది భర్త. అది కంపెనీ లోను కాదు, ఊళ్లోని ప్రైవేటు అప్పు. అయితేనేం, అప్పు ఎవరిదైనా అవమానం ఆడమనిషికేనని ఈ జిల్లాలో అందరికీ తెలుసు.

అసలు సంగతి పాల దగ్గరుంది. పలమనేరు, కుప్పం వైపు సంఘం లోనుతో ఆవు కొన్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. తెల్లవారకముందే లేచి పేడ తీసేది, గడ్డి కోసేది, పాలు పిండేది ఆమె. వెన్నశాతం చూసేది, ధర కట్టేది మరొకరు. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడితే ఇరవయ్యేళ్లపాటు దాన్ని తెరిచే నాథుడే లేకపోయాడు. లోను మేళాలకు మాత్రం ఏనాడూ కొదవ లేదు. ధర అడిగే చోటు మూసేసి అప్పు చేతిలో పెడితే ఆమె ఎట్లా నిలదొక్కుకుంటుంది?

కావలసినవి వేరే ఉన్నాయి: కంతు వసూలు మళ్లీ పంచాయతీ ఆఫీసుకు రావాలి, ఆవు బీమా ఆమె పేరున ఉండాలి, పాల ధర తేల్చే కమిటీలో పాలు పోసే ఆడవాళ్లు కూర్చోవాలి.