ప్రశ్నావళి సూక్ష్మదర్శిని కాదు

కొన్ని పుస్తకాలు ఉన్న బాధను పట్టుకుని లేని జబ్బును అమ్ముతాయి. అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి చెందిన పిల్లల వైద్యుడు విలియం క్రుక్ 1983లో వెలువరించిన ‘ది ఈస్ట్ కనెక్షన్’ అటువంటి పుస్తకం. నలభై ఏళ్లు దాటినా దాని సంతతి అంతరించలేదు. పంచదార మానమని, పులిసిన పిండితో చేసిన రొట్టె ముట్టవద్దని, ‘మేలు చేసే బాక్టీరియా’ మాత్రలు కొనమని బోధించే నేటి ఆరోగ్య గ్రంథాలు చాలావాటిలో దాని పోలికలు కనిపిస్తాయి.

పుస్తకం మొదలయ్యేది నిజంతోనే. స్త్రీలలో నూటికి డెబ్బై అయిదుగురు జీవితంలో ఒక్కసారైనా యోనిలో ఈస్ట్ వల్ల దురద, మంట, పెరుగు విరిగినట్లుండే స్రావం అనుభవిస్తారు. వారిలో కొందరికి ఏడాదికి మూడు నాలుగుసార్లు అదే బాధ తిరగబెడుతుంది. నిద్ర ఉండదు, దాంపత్యం నరకమవుతుంది, చెప్పుకోవడానికి నోరు రాదు. అటువంటి స్త్రీకి వైద్యుడు పరీక్షించకుండానే ఒక క్రీము రాసిచ్చి పంపితే, నాలుగోసారి ఆమె పుస్తకాల దుకాణానికి వెళ్లడంలో వింత లేదు. క్రుక్ ఆమె మాట విన్నాడు. అతని పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోవడం వెనుక ఉన్నది ముందుగా వైద్యుల నిర్లక్ష్యమే.

అయితే విన్న తరువాత అతడు చేసిందేమిటి? అలసట, తలనొప్పి, దిగులు, మతిమరుపు అన్నింటినీ కాండిడా అనే ఒక్క ఈస్టు ఖాతాలో వేశాడు. రుజువుగా మార్కులతో కూడిన ఒక ప్రశ్నావళి ఇచ్చాడు. ఎప్పుడైనా యాంటీబయాటిక్ వాడి, తరచూ అలసిపోయే మనిషి ఎవరైనా అందులో మార్కులు కూడబెట్టుకోగలరు. ఎవరినీ కాదనలేని పరీక్ష పరీక్షే కాదు.

ఈ సిద్ధాంతానికి మూలపురుషుడైన వైద్యుడు ఒరియన్ ట్రస్ పనిచేసిన అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరంలోనే దానికి నిజమైన పరీక్ష జరిగింది. 42 మంది స్త్రీలకు నిస్టాటిన్‌నూ ఉత్తుత్తి మందునూ మార్చి మార్చి ఇచ్చిన ఆ అధ్యయనం ఫలితాలు 1990లో వెలువడ్డాయి. యోని బాధలను నిస్టాటిన్ ఎక్కువగా తగ్గించింది. అలసట, దిగులు వంటివి మాత్రం ఉత్తుత్తి మందుతో ఎంత తగ్గాయో, దీనితోనూ దాదాపు అంతే. అంటే ఈస్టు బాధ నిజం, దాని చుట్టూ అల్లిన మహావృక్షం కల్పన. పాఠకురాలికి ఈ రెండు ముక్కలనూ విడదీసి చెప్పని పుస్తకం ఆమె నమ్మకానికి ద్రోహం చేసినట్లే.

‘సహజం’, ‘రసాయనం’ అని ఇటువంటి పుస్తకాలు గీసే గీత కూడా నిలవదు. ఆ నిస్టాటిన్‌ను 1950లో లోకానికి అందించినవారు ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు స్త్రీలు. వారికది దొరికింది మట్టిలోని సూక్ష్మజీవిలో. మట్టిలో పుట్టిన మందు రసాయనమూ, సీసాలో నింపిన మాత్ర సహజమూ ఎట్లా అవుతాయి?

కనుక పుట్టుకను బట్టి కాదు, పరీక్షను బట్టి తీర్పు చెప్పాలి. పెరుగు సంగతి చూడండి. 1992లో వెలువడిన ఒక అధ్యయనంలో రోజూ పెరుగు తిన్న స్త్రీలకు మేలు కనిపించింది. కాని 33 మందితో మొదలైన ఆ ప్రయత్నంలో చివరికి లెక్కకు అందినవారు 13 మందే. 2004లో ఆస్ట్రేలియాలో యాంటీబయాటిక్ వాడుతున్న స్త్రీలకు లాక్టోబాసిలస్ ఇచ్చి చూస్తే ఈస్టు రాకుండా ఆపలేకపోయింది. పెరుగన్నం మంచి భోజనమే, అది మందు కాదు. వెల్లుల్లి రెబ్బను లోపల పెట్టుకుంటే మిగిలేది ఒరిపిడి, మంట. బోరిక్ యాసిడ్ కథ వేరు. ఒకప్పుడు ఇంటి చిట్కా అనిపించుకున్న ఆ 600 మిల్లీగ్రాముల గుళికను, మామూలు మందులకు లొంగని గ్లాబ్రాటా వంటి రకాలకు యోనిలో వాడమని నేడు వైద్యులే చెబుతున్నారు. మింగితే అది విషం, గర్భిణులు వాడకూడదు.

ఇటు ప్రధాన వైద్యం కూడా బడాయికి పోకూడదు. 387 మంది స్త్రీలతో జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో వారానికొక 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ ఆరు నెలలు వాడినవారిలో నూటికి తొంభై మంది బాధ లేకుండా ఉన్నారు. మందు ఆపిన మరో ఆరు నెలలకు అటువంటివారు 43 మందే మిగిలారు. ఆ మాత్ర జబ్బును అణచి ఉంచుతుంది, వేళ్లతో పెకిలించలేదు. ఈ మాట ముందే చెప్పని వైద్యుడు ఆమెను మళ్లీ క్రుక్ గుమ్మానికే పంపుతాడు. గర్భం ధరించే అవకాశం ఉన్నవారికి ఆ మాత్ర ఇచ్చేముందు అడగవలసింది అడగకపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

అన్నింటికన్నా ముందు తేల్చవలసింది, అది ఈస్టేనా అన్నది. మందుల దుకాణంలో తమంతట తాము క్రీము కొంటున్న 95 మంది అమెరికన్ స్త్రీలను పరీక్షించిన అధ్యయనం 2002లో వచ్చింది. వారిలో నిజంగా ఈస్టు బాధ ఉన్నవారు మూడింట ఒక వంతే. మిగిలినవారిలో బాక్టీరియా వల్ల వచ్చిన జబ్బున్నవారూ ఉన్నారు, ఏ జబ్బూ లేనివారూ ఉన్నారు. తెలుగు స్త్రీల విషయంలో ఈ చిక్కు భాషలోనే మొదలవుతుంది. సహజ స్రావానికీ, ఈస్టుకూ, సుఖవ్యాధికీ, ఒక్కోసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకూ కలిపి ‘తెల్లబట్ట’ అన్నది ఒకే మాట. కారణం ‘వేడి’, మందు బార్లీ నీళ్లు. డాలస్‌లో ఉన్న కూతురికి గుంటూరులోని తల్లి ఫోనులో చెప్పేది అదే. ఈలోగా మధుమేహం బయటపడకుండా ఉండిపోవచ్చు, చర్మవ్యాధి ముదరవచ్చు.

స్రావాన్ని ఒక గాజు పలక మీద రాసి సూక్ష్మదర్శిని కింద చూడడానికీ, కల్చర్ పంపడానికీ, చక్కెర పరీక్ష చేయించడానికీ అయ్యే ఖర్చు ఏళ్లతరబడి కొన్న సీసాల ఖర్చుతో పోలిస్తే స్వల్పం. స్త్రీల ఆరోగ్యం గురించి ఇకమీదట ఎవరు పుస్తకం రాసినా, అది ఏ పక్షపు పుస్తకమైనా, మొదటి అధ్యాయంలో ఈ సలహా ఉందో లేదో పాఠకులు చూడాలి. అది లేని పుస్తకాన్ని అట్ట ఎంత బాగున్నా అక్కడే మూసివేయవచ్చు.