ఇల్లు పోయాక కూడా వెంటాడే బాకీ

ఇల్లు వేలంలో పోతే అప్పు కూడా దాంతోనే తీరిపోతుందని చాలామంది నమ్మకం. తీరదు. వేలం సొమ్ము బకాయికి చాలకపోతే, మిగతా మొత్తం కోసం రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కి వెళ్ళే హక్కును 2002 నాటి సర్ఫేసీ చట్టం 13వ సెక్షన్‌లోనే బ్యాంకులకు ఇచ్చింది. హామీదారు మీదికి వెళ్ళే దారి కూడా అక్కడే ఉంది. మన గోదావరి వైపు ఆ హామీ సంతకం చేసేది ఏ బావమరిదో, తోడల్లుడో!

పొలం విషయంలో ఈ చట్టం ఆగుతుంది. వ్యవసాయ భూమిని దీని కింద వేలం వెయ్యడానికి వీల్లేదు. ఇంటికి ఆ మినహాయింపు లేదు. వ్యాపారానికో పిల్లల చదువుకో ఇల్లు తనఖా పెట్టిన కుటుంబం చిక్కుకునేది ఇక్కడే.

అసలు చిక్కు వేలం ధరలో ఉంది. గోదావరి ఒడ్డున పట్టిసీమ లాంటి ఊళ్ళో ఇల్లు కొనేదెవరు? ఊళ్ళోవాళ్ళో, పోలవరం వాళ్ళో. ఎదురింటాయన కొంప పాటలో కొనడానికి మొహం చెల్లక కొందరు ఆగిపోతారు. దానికి తోడు వరద భయం. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 70 అడుగులు దాటిన సంగతి ఏటిగట్టు పక్క ఇల్లు బేరమాడేవాడు మర్చిపోడు. మొదటి వేలానికి ఎవరూ రాకపోతే మళ్ళీ వేస్తారు. రెండోసారి 15 రోజుల నోటీసు చాలు, కనీస ధరా దిగుతుంది. దిగిన ప్రతి రూపాయీ అప్పుదారు బాకీలో కలుస్తుంది. ధర నిర్ణయించేది ఒకరు, దాని నష్టం మోసేది మరొకరు. నా అభ్యంతరమంతా దీని మీదే.

కనుక బ్యాంకుతో పేచీ వేలం తర్వాత మొదలుపెడితే ఆలస్యమైనట్టే. బాకీ కట్టమంటూ 60 రోజుల గడువిచ్చే నోటీసు రాగానే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి, 15 రోజుల్లో జవాబివ్వడం బ్యాంకు బాధ్యత. విలువ కట్టిన నివేదిక కాపీ అడగాలి. బయట మంచి ధరకి కొనేవాడు దొరికితే ప్రకటన పడకముందే తీసుకెళ్ళాలి. వేలం ప్రకటన వెలువడితే బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు పోతుందని సుప్రీంకోర్టు 2023లో బాఫ్నా మోటార్స్ కేసులో తేల్చేసింది. కనీస ధరకు మించి పాట రాకపోతే, అప్పుదారు ఒప్పుకోనిదే అమ్మకూడదన్న నిబంధనా ఉంది. ఈ మాట మేనేజరు తనంతట తాను చెప్తాడని మాత్రం ఎదురుచూడొద్దు.

వేలం అయిపోయి మిగులు బాకీ చీటీ వచ్చిందనుకుందాం. అందులోని అంకె తీర్పు కాదు. ఇల్లు ఎంతకు పోయింది, ఖర్చుల కింద ఎంత పట్టుకున్నారు, వడ్డీ ఏ తేదీ దాకా వేశారు, అన్నీ రాసిమ్మని అడగాలి. 2024 ఏప్రిల్ నుంచి అపరాధ వడ్డీ వెయ్యకూడదన్న రిజర్వు బ్యాంకు ఆదేశాన్ని పాటించారో లేదో చూసుకోవాలి. 20 లక్షలకు తక్కువ బాకీ అయితే దావా ట్రిబ్యునల్లో కాదు, సివిల్ కోర్టులో. ఇంకొకటి: ఊరికే ఒక సంతకం పెట్టమంటే తొందరపడొద్దు. బ్యాంకు దావా వేసే గడువు తీరకముందు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే, లిమిటేషన్ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఒకేసారి కట్టి తెంచుకునే ఒప్పందానికి (ఓటీఎస్) కూర్చుంటే హామీదారుకీ విముక్తి అని కాగితం మీద రాయించుకోవాలి. సిబిల్ రుణ చరిత్రలో మాత్రం ఆ మచ్చ ఉంటుంది.

బాకీ ఇలా వెంటాడడం అన్నిచోట్లా లేదు. కాలిఫోర్నియాలో తాను ఉండడానికి కొనుక్కున్న ఇంటి కొనుగోలు అప్పయితే, ఇల్లు పోయాక మిగిలిన బాకీకి మనిషిని పట్టుకోవడం సాధారణంగా కుదరదు. అక్కడ ఇల్లు కొన్న మన రాజమండ్రి కుర్రాడికున్న ఆ రక్షణ ఇక్కడున్న తండ్రికి లేదు. ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకుందామనను. బ్యాంకులో ఉన్నది డిపాజిట్‌దార్ల సొమ్మే, ఎగవేతదారులంతా ఒకేలాంటివాళ్ళూ కారు. కానీ బ్యాంకు తానే కట్టించిన విలువకన్నా బాగా తక్కువకి ఇల్లు వదిలేస్తే, ఆ తేడాలో కొంత వాటా అదీ భరించాలి. అప్పుడు రెండో వేలానికి ధర తెగ్గోసేముందు అధికారి ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

పోరాడేవాడికి దూరం కూడా శత్రువే. గోదావరి జిల్లాల కేసులు చూసే ట్రిబ్యునల్ విశాఖలో ఉంది, పట్టిసీమకి రెండొందల కిలోమీటర్ల పైమాటే. అప్పీలుకి కోల్‌కతా, అదీ సగం బాకీ ముందు జమ కట్టి. కరుణించి తగ్గించినా పావు వంతు తప్పదు. ఇల్లు పోయినవాడు ఆ పావు వంతు ఎక్కణ్ణుంచి తేవాలో చట్టం రాసినవాళ్ళే చెప్పాలి. కనీసం నెలకో రోజు రాజమహేంద్రవరంలో విచారణ పెట్టమని మన ఎంపీలు కేంద్ర ఆర్థిక శాఖని అడగడానికి అడ్డేమిటి?