అనుకోని సొమ్ముకు కాచుకున్న ఖర్చులు

సామాన్య కుటుంబానికి అనుకోకుండా కొంత సొమ్ము చేతికందితే దానిని ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ప్రజల చేతిలో డబ్బు పడితే బజారులో గిరాకీ పెరిగి కర్మాగారాలు పుంజుకుంటాయన్నది ఒకటి. కష్టపడకుండా వచ్చిన సొమ్ము తాగుడుకూ, ఆర్భాటానికీ కరిగిపోతుందన్నది రెండవది. మొదటిది బడ్జెట్ ప్రసంగాలలోనూ, రెండవది మధ్యతరగతి ఇళ్ల వరండాలలోనూ తరచు వినిపిస్తుంది. ఈ రెండు వాదనలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. రెండూ ఆ సొమ్మును కుటుంబానికి దక్కిన మిగులుగా భావిస్తున్నాయి. కోట్లాది కుటుంబాల విషయంలో వచ్చిన సొమ్ము అనుకోనిదే కావచ్చు గానీ, దాని కోసం కాచుకుని ఉన్న ఖర్చు మాత్రం అనుకోనిది కాదు.

ఇది కాలక్షేపానికి వేసుకునే ప్రశ్న కాదు. 2025 సెప్టెంబరు 26న బీహార్‌లో ముఖ్యమంత్రి మహిళా రోజ్‌గార్ యోజన కింద 75 లక్షల మంది మహిళల ఖాతాలకు తలకు 10,000 రూపాయల చొప్పున 7,500 కోట్ల రూపాయలు విడుదలయ్యాయి. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ 12 లక్షల రూపాయల వరకు వార్షికాదాయంపై ఆదాయపు పన్ను పడకుండా చేసి, సుమారు లక్ష కోట్ల రూపాయల రాబడిని వదులుకున్నది. 2021, 2024 మధ్య పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర ప్రభుత్వాలు మహిళలకు నెలనెలా నగదు చెల్లించే పథకాలను ఒకదాని వెంట మరొకటిగా ప్రారంభించాయి. ఇంత సొమ్ము ఇళ్లలోకి చేరి ఏమవుతున్నదో తెలుసుకోకుండా ఆ పథకాలను పొగడటం గానీ, తెగడటం గానీ తొందరపాటే అవుతుంది.

సొమ్ము పరిమాణాన్ని బట్టి దాని దారి మారుతుంది. పదివేల రూపాయలు వస్తే కూలి కుటుంబంలో ముందుగా తీరేది కిరాణా కొట్టులోని ఖాతా. తర్వాత పిల్లవాడి ఫీజు బకాయి, ముసలితల్లికి ఏడాదిగా వాయిదా పడుతున్న కళ్లజోడు, ఇరుగుపొరుగు వద్ద తెచ్చిన చేబదులు. లక్ష రూపాయలు వస్తే అధిక వడ్డీ అప్పులో కొంత తీరుతుంది, తాకట్టులోని గొలుసు ఇంటికి వస్తుంది, కురుస్తున్న కప్పుపై కొత్త రేకులు పడతాయి. పది లక్షలంటే ఇంటి స్థలం, ఆడపిల్ల పెళ్లి, బంగారం గుర్తుకు వస్తాయి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను నవ్వులాటకు వాడతారు గానీ, లేని సొమ్ముకు ముందే లెక్కలు వేసుకోవడం పేదవాడి అవివేకం కాదు. తీరని అవసరాలను వరుస తప్పకుండా జ్ఞాపకం ఉంచుకోవడమే అది.

ఆ వరుసలో అప్పుది అగ్రస్థానం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన 77వ దఫా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాలలో 35 శాతం, పట్టణ కుటుంబాలలో 22.4 శాతం రుణగ్రస్తమై ఉన్నాయి. వ్యవసాయ కుటుంబాలను మాత్రమే తీసుకుంటే దేశం మొత్తం మీద ఇది 50.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సగటు వ్యవసాయ కుటుంబంపై ఉన్న రుణభారం 2.45 లక్షల రూపాయలు. ఇటువంటి ఇంటికి వచ్చిన సొమ్ము గడప దాటి లోపలికి రాకముందే అప్పులవాళ్ల పేర్లు దానిపై రాసి ఉంటాయి.

దీనిని దుబారాగా చూడటం లెక్కలు తెలియకపోవడమే. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి లక్ష అప్పు తెచ్చిన కుటుంబం ఏడాదికి 36,000 రూపాయలు వడ్డీగానే కడుతుంది. ఆ లక్షను తీర్చివేస్తే ఏటా 36 శాతం ఆదాయం వచ్చినట్లే లెక్క. బ్యాంకు డిపాజిట్‌పై అందులో నాలుగో వంతు వడ్డీ కూడా రాదు. అంటే, అనుకోని సొమ్మును అప్పుకు కట్టిన కూలివాడు పొదుపు చేయలేదని విమర్శించేవారికంటే ఎక్కువ లాభసాటి పొదుపే చేస్తున్నాడు. అయితే ఈ పొదుపు ఏ బ్యాంకు పుస్తకంలోనూ కనిపించదు. గిరాకీ పెరుగుతుందని ఆశించిన పరిశ్రమకూ అది కనిపించదు. కనుకనే రెండు వర్గాలూ సొమ్ము ఎక్కడికో ఇంకిపోయిందని అనుకుంటాయి.

తాగుడు సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా వివిధ ఖండాలలో జరిగిన 19 అధ్యయనాలను 2014లో సమీక్షించారు. నగదు సాయం వల్ల మద్యం, పొగాకులపై ఖర్చు పెరుగుతుందన్న భయానికి మొత్తం మీద ఆధారం లేదని తేల్చారు. మధ్యప్రదేశ్‌లో మహిళా కార్మిక సంస్థ సేవ, యునిసెఫ్ తోడ్పాటుతో 2011లో ప్రారంభించిన ప్రయోగం మరింత దగ్గరి నిదర్శనం. ఎనిమిది గ్రామాలలో పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయల చొప్పున షరతులు లేకుండా ఇచ్చారు. ఏడాది తర్వాత వాటిని 300, 150 రూపాయలకు పెంచారు. పిల్లల సొమ్మును తల్లుల చేతికే అందించారు. నగదు అందని గ్రామాలతో పోల్చి చూసినప్పుడు ఈ గ్రామాలలో పిల్లల పోషణ మెరుగుపడింది, ఆడపిల్లల చదువు సాగింది, ఇళ్లలో పశుసంపద పెరిగింది. పరుల పొలాల్లో కూలికి పోయేవారు కొందరు సొంత చేనుపై దృష్టి పెట్టగలిగారు. మద్యంపై ఖర్చు పెరిగిన దాఖలాలు లేవు. తాగుబోతు భర్తలు లేరని దీని అర్థం కాదు. తాగేవాడు సొమ్ము రాకముందూ తాగుతున్నాడన్నదే అసలు విషయం.

సొమ్ము ఎంత అన్నదానితో పాటు అది ఎలా వస్తుందన్నదీ ముఖ్యం. కెన్యాలో 2011-13 మధ్య జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో కొన్ని కుటుంబాలకు నెలనెలా, మరికొన్నింటికి ఒకేసారి నగదు ఇచ్చారు. నెలనెలా పొందిన ఇళ్లలో తిండికి కొరత తగ్గింది. ఒకేసారి పొందిన ఇళ్లు మన్నికైన వస్తువుల వైపు మొగ్గాయి. ఈ తేడా తెలుగు గృహిణికి ఏ పరిశోధకుడూ చెప్పనక్కరలేదు. నెలకు కొంత కట్టి, అవసరం పడినప్పుడు తోసివేతను భరించి అయినా మొత్తాన్ని ఒకేసారి పాడుకునే చీటీ పద్ధతి ఇందుకే నిలిచి ఉన్నది. చిల్లరగా వచ్చినది చిల్లర అవసరాలకే పోతుందనీ, ముద్దగా వచ్చినప్పుడే గేదె గానీ, కుట్టుమిషను గానీ ఇంటికి వస్తుందనీ ఆమె ఎరుగును.

మధ్యతరగతి సంగతి కొంత వేరు. ఆరవ వేతన సంఘం సిఫార్సులు 2006 జనవరి 1 నుంచి వర్తించగా, కేంద్ర ఉద్యోగులకు బకాయిలలో 40 శాతం 2008-09లో, మిగిలిన 60 శాతం 2009-10లో అందాయి. ఇటువంటి బకాయిలు ఇంటి రుణానికి, వాహనానికి, పిల్లల పైచదువుకు, బంగారానికి చేరడం సహజం. కుటుంబాలు తమ ఖర్చును నికరమైన రాబడికి అనుగుణంగా అమర్చుకుంటాయనీ, ఒక్కసారి వచ్చిపడిన సొమ్ములో ఎక్కువ భాగాన్ని దాచుకుంటాయనీ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1957లో సిద్ధాంతీకరించారు. భారతీయ కుటుంబం విషయంలో దాచుకోవడమంటే ఏమిటో 2017లో రిజర్వు బ్యాంకు కమిటీ నివేదిక వెల్లడించింది. సగటు కుటుంబ సంపదలో 84 శాతం స్థిరాస్తి, ఇతర భౌతిక ఆస్తుల రూపంలో, 11 శాతం బంగారం రూపంలో ఉండగా, డిపాజిట్లు, షేర్లు వంటి ఆర్థిక ఆస్తుల వాటా 5 శాతమే. ఆపద వేళ అర్ధగంటలో సొమ్ముగా మారే బంగారంపై మోజును అజ్ఞానమని కొట్టివేయడం సులభం. కానీ అంతే వేగంగా అప్పు ఇచ్చే బ్యాంకు పేదవాడికి ఎక్కడ ఉన్నది?

అనుకోని లాభంగా కనిపించేదంతా లాభం కాదన్న సంగతీ గుర్తించాలి. 2013 నాటి భూసేకరణ చట్టం గ్రామీణ ప్రాంతాల్లో మార్కెట్ విలువకు నాలుగు రెట్ల వరకు పరిహారానికి వీలు కల్పించింది. ఒక్కరోజులో లక్షలు చేతికి రావడం చూసి ఊరు అదృష్టమనుకోవచ్చు. నిజానికి అది తరతరాల జీవనాధారాన్ని అమ్మిన ధర. దానిని ఆదాయంగా భ్రమించి కారుకూ, వివాహ వైభవానికీ ఖర్చు చేసిన కుటుంబానికి పదేళ్ల తర్వాత భూమీ ఉండదు, సొమ్మూ ఉండదు. 2020లో కరోనా వేళ దక్షిణాసియా ప్రభుత్వాలు ఇచ్చిన సాయం కూడా ఈ కోవలోనిదే. భారత్‌లో సుమారు 20 కోట్ల మంది మహిళల జన్‌ధన్ ఖాతాలకు మూడు నెలలపాటు నెలకు 500 రూపాయలు, పాకిస్థాన్‌లో ఎహసాస్ పథకం కింద పేద కుటుంబానికి 12,000 పాకిస్థానీ రూపాయలు అందాయి. అవి అదనపు సొమ్ము కాదు, పోయిన కూలికి పాక్షికమైన బదులు మాత్రమే. వాటిని గిరాకీకి ప్రోత్సాహకాలుగా లెక్కించడం అతిశయోక్తి.

ఇక అసలు ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. అప్పు, చదువు, వైద్యం అనే మూడింటికే సామాన్యుడి అదృష్టం చెల్లిపోతున్నప్పుడు లోపం అతని నడవడిలో ఉన్నదా, ఆ మూడింటిని చౌకగా అందించలేని వ్యవస్థలో ఉన్నదా? జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం వైద్య వ్యయంలో ప్రజలు సొంత జేబు నుంచి భరించే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఇది మెచ్చదగిన మార్పు. అయినా ప్రతి వంద రూపాయలలో దాదాపు నలభై రూపాయలు ఇంకా రోగి కుటుంబమే కడుతున్నది. ఒక చేత్తో పదివేలు ఇచ్చి, ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు లేక అదే సొమ్మును ప్రైవేటు నర్సింగ్ హోం కౌంటరు వద్ద కట్టించే విధానాన్ని సంక్షేమం అనలేరు.

కాబట్టి నగదు పథకాలను రద్దు చేయాలన్న వాదనా సరికాదు, అవే సర్వరోగ నివారిణి అన్న వాదనా సరికాదు. సొమ్ము ఎంత, ఏ తేదీన వస్తుందో ముందుగా తెలియాలి. విత్తనాల వేళకు రావలసినది కోతల వేళ వస్తే రైతు అప్పటికే వడ్డీ వ్యాపారిని ఆశ్రయించి ఉంటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్లు, ఖాతాలో పడిన సాయాన్ని పాత బాకీ కింద జమ చేసుకోకుండా బ్యాంకులను కట్టడి చేయాలి. ఆర్థిక వనరులు హరించుకుపోయి పాఠశాలలు, ఆసుపత్రులు కుంటుపడేంతగా పోటాపోటీ వాగ్దానాలు చేయకుండా పార్టీలు సంయమనం పాటించాలి. అన్నిటినీ మించి, ఎన్నికల ముందు రావడం వల్ల కాక, ప్రతి ఏటా తప్పక రావడం వల్ల ఆ సొమ్ముపై ప్రజలకు నమ్మకం కలగాలి.

రేపు మళ్లీ వస్తుందన్న భరోసా ఉన్న ఇల్లు ప్రణాళిక వేసుకుంటుంది. ఇక రాదేమోనన్న భయం ఉన్న ఇల్లు ఉన్న బొక్కలు పూడ్చుకుంటుంది. పేద కుటుంబాలు డబ్బును ఎలా ఖర్చు చేయాలో నేర్పడానికి పూనుకునేవారు ముందు ఆ భయాన్ని తొలగించే మార్గం చూడటం మంచిది.