రెండవ బంతికి చోటు

విందులలో మన పెద్దలు పాటించు మర్యాద యొకటి గలదు. బంతిలో కడపటివాడు భోజనము ముగించువఱకు ముందువాడు లేవరాదు. అందఱును ముగించి, రెండవ బంతివారు వాకిట వేచియుండగా, విస్తరి ముందు కదలక కూర్చుండనురాదు. దీర్ఘకాలము ప్రజాసేవ చేసి విరమించు నాయకులకు జరుగు సన్మానసభలను చూచునప్పుడెల్ల మాకు ఈ బంతిమర్యాదయే జ్ఞప్తికి వచ్చును. ఆ సభలలో 'నేను చేసితిని' అను మాట పలుమాఱు వినవచ్చును. 'నాతో కూర్చున్నవారు వీరు' అను మాట మిక్కిలి అరుదు.

పలనాటి సీమ ఈ మర్యాదను ఏనాడో యెఱుగును. పండ్రెండవ శతాబ్దమునాటి పలనాటి యుద్ధమున మాచెర్ల పక్షపు మంత్రియగు బ్రహ్మనాయుడు, కులభేదము నెన్నక అందఱను ఒక్క చాపపై కూర్చుండబెట్టి కుడిపిన చాపకూటికిని, లోకము దూరముంచిన కులమున బుట్టిన కన్నమదాసును పుత్రునివలె జూచి సేనానాయకుని గావించుటకును ప్రసిద్ధుడు. జయాపజయములనే లెక్కించినచో ఆతని మంత్రిత్వమున మిగిలినది స్వల్పము: కోడిపోరున ఓటమి, ఏడేండ్ల వలస, కారెంపూడి రణమున కుమారుడు బాలచంద్రుని మరణము. యుద్ధానంతరము ఆతడు గుత్తికొండ బిలము ప్రవేశించి తపోనిష్ఠుడయ్యెనని ఐతిహ్యము. రాజ్యము పోయినది, మంత్రి లేచిపోయినాడు; చాప మాత్రము చుట్టబడలేదు. కార్తిక అమావాస్యతో ఆరంభమగు కారెంపూడి వీరారాధనోత్సవములలో, మందపోరు అను దినమున, నేటికిని చాపకూడు వడ్డింపబడుచున్నది.

ఆ సీమ యంచుననే, మాచెర్లకు చేరువను, నాగార్జునసాగరము మఱియొక బంతికథ చెప్పును. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిననాడు ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిననాడు ముఖ్యమంత్రి నరసరావుపేట ప్రాంతీయుడగు కాసు బ్రహ్మానందరెడ్డి. నడుమ నీలం సంజీవరెడ్డియు దామోదరం సంజీవయ్యయు ఆ యాసనమున కూర్చుండి లేచిరి. శంకువు నాటిన నెహ్రూ 1964లోనే అస్తమించుటచే పాఱు నీటిని చూడనేలేదు. ఈ ప్రాజెక్టు కొఱకు పట్టువిడువక పాటుపడిన ముక్త్యాల రాజా మొదలు, ఎండలో రాళ్లు మోసి ఆనకట్టను మీది కెత్తిన స్త్రీపురుషుల వఱకు, ఏ యొక్కరును ఇది నాదని చెప్పుకొన వీలులేనంతటి పెద్ద బంతి యది. నీరు విడిచిననాటి ముఖ్యమంత్రియు 1971 సెప్టెంబరులో ఆ పదవినుండి లేవవలసినవాడే యయ్యెను. సాగరపు జవాహరు కాలువ మాత్రము ఎవరు కూర్చున్నదియు ఎవరు లేచినదియు విచారింపక గుంటూరు పొలములకు పాఱుచునే యుండెను.

కనుక విరమించు నాయకుని మేము అడుగునది సుదీర్ఘమైన ఆత్మస్తుతి గాదు. పని నడుమ నున్నప్పుడు సహచరులను విడిచి ముందుగా లేవకుండినాడా, పని ముగిసిన పిమ్మట చోటు విడువక కూర్చుండినాడా యను రెండు ప్రశ్నలకు ఆతడు తన మనస్సుతో సమాధానము చెప్పుకొనిన చాలును. తప్పొప్పులు రెండును గల తన విస్తరిని తానే మడిచి తీసి, వడ్డించినవారిని పేరుపేరున తలచుకొని లేచినవాని చోట, వాకిట నిలిచిన పడుచువాడు సంకోచము లేక వచ్చి కూర్చుండగలడు.