మూఢం నెలల్లో కిస్తీ ఆగాలి

షామియానా సామాను అద్దెకిచ్చేవారికి, ఫొటో, వీడియో తీసేవారికి, వంట మేస్త్రీలకు, మండపాలు కట్టేవారికి, మేళగాళ్లకు, పెళ్లికూతుళ్లకు మేకప్ చేసే అక్కచెల్లెళ్లకు, ఈ ఇళ్లలో నెల ఖర్చు నెట్టుకొచ్చే ఇల్లాళ్లకు విన్నపం.

2024 వేసవిని మనలో ఎవరూ మరిచిపోలేదు. గురు మూఢం, శుక్ర మూఢం ఒకదానిమీద ఒకటి వచ్చిపడి మే, జూన్ నెలల్లో ముహూర్తమనేదే లేకుండా పోయింది. అది గడిచిందనుకునేలోపు జులైలో ఆషాఢం. మామూలు ఏడాదిలో మన చేతిలో నాలుగు డబ్బులు ఆడేది వేసవిలోనే. ఆ ఏడు కెమెరాలు బీరువాలో ఉండిపోయాయి, షామియానా గుడ్డలు గోడౌన్‌లో మడత విప్పకుండా ఉండిపోయాయి. కార్డు బిల్లు మాత్రం మేలో వచ్చింది, జూన్‌లో వచ్చింది, జులైలోనూ వచ్చింది.

ఆ మూడు నెలలూ కిరాణా కార్డు మీదే నడిచింది. పిల్లల ఫీజు, బండి పెట్రోలు, అమ్మానాన్నల మందులు అన్నీ దాని మీదే. నోట్లు కావాల్సివస్తే తెలిసిన షాపులో కార్డు గీకి, రెండు మూడు శాతం కమిషన్ వదులుకుని తెచ్చుకున్నాం. ఒక కార్డు డ్యూ డేటుకి ఇంకో కార్డులోంచి తీసి కట్టాం. రొటేషన్ అంటారే, అదే. శ్రావణంలో పనులు మొదలయ్యేసరికి ఎన్నో ఇళ్లలో లక్షకు తక్కువ లేని బాకీ కుదురుకుని కూర్చుంది. జల్సాలకు చేసిన అప్పు కాదిది. పని లేని నెలల్లో అన్నం తిన్న అప్పు.

అందుకే ఈ కరపత్రం ఒక కోరికతో వస్తోంది. ఆదాయం నెలనెలా రాని ఇంట్లో కార్డు బాకీ వరుసగా మూడు నెలలు మినిమం డ్యూ దగ్గరే ఆగిపోతే, దాన్ని తక్కువ వడ్డీ టర్మ్ లోన్‌గా మార్చే బాధ్యత బ్యాంకుదే కావాలి. ఆ లోన్ కిస్తీలు పని ఉన్న నెలల్లోనే పడాలి. దీన్ని రిజర్వు బ్యాంకు ఉత్తర్వుగా ఇవ్వాలి.

ఎందుకో లెక్క చూడండి. లక్ష రూపాయల బాకీ, నెలకు మూడున్నర శాతం వడ్డీ. చాలా కార్డుల రేటు ఇంచుమించు ఇదే. నెల వడ్డీ 3,500. కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి ఇంకో 630. మొత్తం 4,130. బాకీలో 5 శాతం మినిమం డ్యూ అనుకుంటే మొదటి నెల మనం కట్టేది 5,206. అందులో అసలు కింద జమయ్యేది 1,076 రూపాయలు. ఆ కార్డు మీద ఒక్క రూపాయి కొత్తగా వాడకుండా, ఒక్క నెలా తప్పకుండా ఏడాదంతా కడితే సుమారు 58,900 రూపాయలు మన చేతినుంచి పోతాయి. అప్పటికి బాకీ ఇంకా 87,800 ఉంటుంది. ఐదేళ్లు అలాగే కడితే పోయింది 2,31,000. అయినా 52,000 బాకీ మిగిలే ఉంటుంది.

అదే లక్షను ఏడాదికి 18 శాతం వడ్డీతో మూడేళ్ల టర్మ్ లోన్‌గా మారిస్తే నెల కిస్తీ 3,615. మొత్తం కట్టేది లక్షా ముప్పై వేల చిల్లర. మూడేళ్లకు బాకీ ఉండదు. మొదటి నెల మినిమం డ్యూ కంటే ఈ కిస్తీయే తక్కువని గమనించండి. మామూలు బ్యాంకు లోన్ వడ్డీ మీద జీఎస్టీ కూడా లేదు. అంటే ఇప్పుడు కడుతున్న దానికంటే తక్కువ కడుతూనే బయటపడే దారి ఉంది. ఆ దారి బ్యాంకుకు తెలుసు. మనం అడిగితే తప్ప చూపించదు. అడిగేవేళకు మన సిబిల్ స్కోరు పడిపోయి ఉంటుంది కాబట్టి అప్పుడు ఇవ్వదు.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. పోయిన నెల బాకీ కొంచెం మిగిలినా వడ్డీ లేని గడువు ఆగిపోతుంది. ఆ తర్వాత కార్డు మీద కొన్న ప్రతి పాల ప్యాకెట్టుకూ కొన్న రోజునుంచే వడ్డీ మొదలవుతుంది.

షాపు మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్నవారి కష్టం వేరు. ఓడీకి వాడుకున్న సొమ్ము మీదే, వాడుకున్న రోజులకే వడ్డీ. రేటూ కార్డుతో పోలిస్తే చాలా తక్కువ. కానీ ఆ ఖాతాలో వరుసగా 90 రోజులు జమ పడకపోతే, లేదా పడిన జమ వడ్డీకి చాలకపోతే, బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద రాస్తుంది. కార్డుకైనా మినిమం డ్యూ 90 రోజులు కట్టకపోతే అంతే. 2024 మే 1 నుంచి జులై 31 దాకా లెక్కపెట్టండి, 92 రోజులు. మన పంచాంగం ఒక్కటే చాలు మనల్ని ఎగవేతదారుల జాబితాలో చేర్చడానికి.

రైతుకు ఇచ్చే పంట రుణానికి నెలనెలా కిస్తీ అడగరు. పంట చేతికొచ్చి అమ్ముడుపోయే కాలాన్ని బట్టి గడువు పెడతారు. స్వల్పకాలిక పంటలైతే రెండు పంట సీజన్లు దాటాకే మొండి బాకీ అంటారు. అది న్యాయమైన పద్ధతి. మన పనికీ సీజన్ ఉంది. పైగా మన సీజన్ వానలాంటిది కూడా కాదు. వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ ముందే చెప్పలేరు, మూఢం ఎప్పుడు పడుతుందో ఉగాదికే పంచాంగంలో అచ్చయి ఉంటుంది. ముందే తెలిసిన ఖాళీ నెలలను లెక్కలోకి తీసుకోవడం బ్యాంకులకు ఏమంత కష్టం?

కోర్టుకు వెళితే సరిపోదా అని కొందరు అడుగుతున్నారు. ఆ తలుపు ప్రస్తుతానికి మూసి ఉంది. కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ గుంజడం అన్యాయ వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. వడ్డీ రేట్ల సంగతి రిజర్వు బ్యాంకు పరిధిలోది అన్నది అక్కడ తేలిన మాట. కాబట్టి మనం అడగాల్సిందీ రిజర్వు బ్యాంకునే.

మనం అడిగేదానికి పూర్వ ఉదాహరణలు లేకపోలేదు. అమెరికాలో 2009 చట్టం వచ్చాక ప్రతి బిల్లు మీదా రెండు అంకెలు అచ్చు వేయాలి: మినిమం మాత్రమే కడితే అప్పు తీరడానికి ఎన్నేళ్లు పడుతుంది, 36 నెలల్లో తీరాలంటే నెలకు ఎంత కట్టాలి. బ్రిటన్‌లో 2018 నుంచి ఇంకా గట్టి నియమం ఉంది. 18 నెలల్లో అసలు కంటే వడ్డీ, ఛార్జీలే ఎక్కువ కట్టిన మనిషిని కార్డు సంస్థే గుర్తించి పలకరించాలి. 36 నెలలకూ అదే స్థితి అయితే తీర్చగలిగే పద్ధతి చూపాలి. అదీ కట్టలేనివారికి వడ్డీ తగ్గించాలి, లేదా ఎత్తేయాలి. మన రిజర్వు బ్యాంకు 2022 నియమాలు బిల్లు మీద ఒక హెచ్చరిక వాక్యం ఉండాలన్నాయి. ఉంది, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. మన లక్షకు మన లెక్క ఎంతో అందులో ఉండదు. ఆ రెండు అంకెలూ బిల్లు పైభాగాన, తెలుగులో, మన బాకీకి సరిపోయేలా ఉండాలి.

కిస్తీ ఎప్పుడు పడాలన్నది ప్రభుత్వాలు పట్టించుకోదగ్గ సంగతేనా అనేవారికి మన రాష్ట్రమే జవాబు చెప్పింది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చినప్పుడు వారం వారం వసూళ్లు ఆపి నెల వాయిదాలే ఉండాలంది. వడ్డీ అసలును మించకూడదంది. ఎన్ని ఇళ్లు కూలిపోయాక వచ్చిందో ఆ ఆర్డినెన్సు, ఆ రోజులు చూసినవారికి తెలుసు. కార్డుల విషయంలో అంతదాకా ఆగక్కర్లేదు.

బాకీని లోన్‌గా మార్చినప్పుడు కార్డును నిలిపేయాలని కూడా మేమే అడుగుతున్నాం. సగం అప్పు తీరేదాకా కార్డు వాడకం వద్దు. ఒక పక్క కిస్తీ కడుతూ ఇంకో పక్క గీకుతూ ఉంటే ఏ నియమమూ మనల్ని కాపాడలేదు. బ్యాంకు నష్టపోతుందన్న వాదనకూ ఇదే జవాబు: పన్నెండు నెలల కిస్తీని పని ఉన్న ఎనిమిది తొమ్మిది నెలల్లో సర్ది కట్టించుకుంటే దానికి అసలూ వస్తుంది, న్యాయమైన వడ్డీ కూడా వస్తుంది. ఇప్పుడు చివరికి సగానికి సెటిల్‌మెంట్ చేసుకుని మిగతాది రాసేసుకుంటోంది. ఆ సెటిల్డ్ మాట సిబిల్ రిపోర్టులో ఏళ్ల తరబడి మనల్ని వెంటాడుతుంది.

ఉత్తర్వు వచ్చేలోపు మన చేతిలో ఉన్నవి మనం చేయాలి. బాకీ ఉన్న కార్డుతో ఇంటి ఖర్చు ఆపండి, యూపీఐ స్కానుకు కలిపి ఉంటే తీసేయండి. ముహూర్తాల నెలల్లో వచ్చిన డబ్బుతో ముందు ఒక నెల బియ్యం, అద్దె పక్కన పెట్టండి. తర్వాత అన్నిటికంటే ఎక్కువ వడ్డీ కార్డు మీద వేయండి. ఓడీ చివర. పక్కన ఏమీ ఉంచకుండా మొత్తం కార్డుకు పోస్తే వచ్చే మూఢానికి మళ్లీ అదే కార్డు తీయాల్సివస్తుంది. డ్వాక్రా సంఘం నుంచి గానీ బంగారం మీద గానీ బ్యాంకు అప్పు దొరికితే దాంతో కార్డు తీర్చడం మేలు. ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం కార్డు తీర్చొద్దు. కార్డు అప్పుకు ఇల్లు పూచీ లేదు. తాకట్టు పెట్టిన రోజునుంచి ఉంటుంది.

ఇంకొకటి మన మధ్య తేల్చుకోవాల్సింది. అడ్వాన్సు కొంచెం తీసుకుని, మిగతాది ఆల్బమ్ ఇచ్చేటప్పుడో పెళ్లయిన పదహారు రోజులకో అని ఒప్పుకుంటున్నాం. ఆ మధ్యలో ల్యాబ్ ఖర్చు, కూలీలు, డీజిల్ మన కార్డు మీద పడుతున్నాయి. పెళ్లివారి అప్పుకు మనం నెలకు మూడున్నర శాతం వడ్డీ కడుతున్నాం. ముహూర్తానికి ముందు ముప్పాతిక భాగం చేతికి రావాలని ఊరి పనివాళ్లంతా ఒకే మాట మీద ఉంటే పెళ్లివారు ఒప్పుకోక ఏం చేస్తారు?

వసూలు ఏజెంట్లకు భయపడొద్దు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. బంధువులకు, పక్కింటివారికి చెప్పి పరువు తీయడమూ నిషేధమే. బిల్లు కట్టలేకపోవడం సివిల్ బాకీ, అరెస్టు చేసే నేరం కాదు. ఖాళీ చెక్కు మాత్రం ఎవరికీ సంతకం పెట్టి ఇవ్వొద్దు, అది బౌన్సయితే కేసు వేరు. వేధిస్తే బ్యాంకుకు రాసి ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా తృప్తి లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపండి. రుసుము లేదు.

జిల్లా కలెక్టరు అధ్యక్షతన బ్యాంకర్ల సమావేశం జరుగుతూ ఉంటుంది. లీడ్ బ్యాంక్ మేనేజరు అక్కడే ఉంటారు. మన కోరిక మొదట ఆ బల్ల మీద పడాలి, అక్కడినుంచి రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీకి, రిజర్వు బ్యాంకుకు వెళ్లాలి. మాటలతో పని జరగదు, కాగితాలు కావాలి. మీ కార్డు బిల్లులు మూడు నెలలవి, అవే నెలల్లో మీరు చేసిన పెళ్లిపనుల పట్టిక ఒకటి జత చేసి, పేరూ కార్డు నంబరూ కనపడకుండా కొట్టేసి, ఈ కరపత్రం మీకు ఇచ్చిన మనిషి చేతికివ్వండి.